పడవ ఎక్కేముందు తెర మీద నది: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి అమ్ములూ,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఫైలు నిన్న రాత్రి తెరిచి చూశాను. 9 రోజులు, నలుగురు మనుషులు, రెండు కనూలు (తెడ్లతో నడిపే సన్నటి పడవలు), 140 కిలోమీటర్ల నది. మొత్తం దారంతా ఒక ఎర్ర గీత గీసి, రోజుకో మజిలీ గుర్తు పెట్టి, "ప్లాన్ అయిపోయింది మామయ్యా" అని రాశావు. ఇది తొలి చిత్తు మాత్రమేనమ్మా. బయలుదేరడానికి ఇంకా రెండు నెలలుంది కదా, కొన్ని సాయంత్రాలు దీని మీద కూర్చో.

ముందు ఆ గీత సంగతి. గీత గీయడానికి నువ్వు పెట్టిన చుక్కకీ చుక్కకీ మధ్య ఐదారు వందల మీటర్లు ఉంది. నది అంత తిన్నగా పోదు. దూరదూరంగా చుక్కలు పెట్టి కొలిస్తే మలుపులన్నీ కోసేసి అడ్డదారిన పోయినట్టే. నేను మొదట్లో ఒక నదిని ఇలాగే 62 కిలోమీటర్లని లెక్క వేసుకున్నాను. తీరా తెడ్డు వేసేసరికి 79 తేలింది. చివరి రోజు కోసం పెట్టుకున్న తిండి ముందురోజే అయిపోయింది, చీకట్లో దిగాల్సి వచ్చింది. నీ 140 కూడా సరిగ్గా కొలిస్తే 165 దాకా పోతుందని నా అనుమానం. బాగా జూమ్ చేసి, పాయ నడుమ నుంచి, ప్రతి మలుపుకూ మూడు నాలుగు చుక్కలు పెడుతూ మళ్లీ గీయి. ఎవరో గీసిన దారి గీతను (ట్రాక్‌ను) తెచ్చి అతికించకు. విసుగే, కానీ గీస్తున్నంతసేపూ ఏ లంక దగ్గర పాయ చీలుతుందో, ఎక్కడ గట్టు నిటారుగా లేస్తుందో, ఎక్కడ వాగొచ్చి కలుస్తుందో నీ కంటికి అలవాటవుతుంది. అక్కడికి చేరినప్పుడు ఆ చోటు తెలిసినట్టే ఉంటుంది.

గీత పూర్తయ్యాక నది వాలు చూడు. నీ ప్లాన్‌లో నాకు అసలు భయం వేసింది ఇక్కడే, ఎందుకంటే నువ్వు వాలు గురించి ఒక్క ముక్కా రాయలేదు. నేల ఎత్తుపల్లాలు చూపే టోపో మ్యాప్‌లో కాంటూరు రేఖలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, నదిని దాటే ప్రతిచోటా ఒక గుర్తు పెట్టు. మీ మ్యాప్‌లో రేఖకీ రేఖకీ ఎత్తులో తేడా 10 మీటర్లు. ఒక రేఖ దాటాక ఇంకోటి 8 కిలోమీటర్ల తర్వాత వచ్చిందనుకో, అంటే కిలోమీటరుకు మీటరుంబావు వాలు. సామాను నింపిన కనూకి మామూలుగా ఇబ్బంది పెట్టదు. అదే 2 కిలోమీటర్లలో వచ్చేసిందంటే కిలోమీటరుకు 5 మీటర్లు. అక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. అయితే ఈ లెక్క సగటు మాత్రమే. ఆ 10 మీటర్లు దారి పొడవునా కొద్దికొద్దిగా దిగుతాయో, ఎనిమిది కిలోమీటర్లు చెరువులా నిలిచి ఒక్కచోట దభాలున పడతాయో రేఖలు చెప్పవు. 9 మీటర్ల జలపాతం రెండు రేఖల నడుమ పూర్తిగా దాక్కోగలదు.

సాఫ్ట్‌వేర్ దానంతట అదే గీసి చూపించే ఎత్తుపల్లాల పటం ఉంటుంది చూడు, నది విషయంలో దాన్ని నమ్మకు. దాని కింద ఉండే ఎత్తుల లెక్కలు చాలాచోట్ల 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక నుంచి రాడార్‌తో కొలిచినవి. సుమారు 30 మీటర్ల గడికి ఒక్క ఎత్తు. ఇరుకు లోయలో పారే నదికి ఆ గడిలో నీళ్లూ, కొండ అంచూ, చెట్ల తలలూ అన్నీ కలిసిపోతాయి. నీ ఫైలులోనే 71వ కిలోమీటరు దగ్గర చూడు, నీళ్లు 14 మీటర్లు పైకి ఎక్కుతున్నట్టుంది. అది ఇరుకు లోయ ఉందనడానికి ఆనవాలు. ఆ ముక్క మీద ఇంకో గంట కూర్చో.

అలాంటి చోట్ల ఉపగ్రహ చిత్రాలు తెరువు. నీళ్ల మీద తెల్లటి చార కనిపిస్తే అది నురగ కావచ్చు, ఎండ తళుకూ కావచ్చు. ఒకే చోటును రెండు మూడు తేదీల్లో చూస్తే తేలిపోతుంది. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు తిరగేసే వీలుంది. వరద రోజుల చిత్రంలో నున్నగా కనబడిన చోటే నీళ్లు తగ్గాక బండలమయంగా ఉండొచ్చు, అందుకని మీరు వెళ్లే నెలకు దగ్గరగా తీసినవి వెతుకు. సెంటినెల్-2 అనే ఉపగ్రహాల చిత్రాలు ఉచితం, అయిదు రోజులకోసారి కొత్తవి వస్తాయి. 10 మీటర్ల గడిలో బండలు కనిపించవు కానీ, సరస్సు మీద మంచు కరిగిందా లేదా, అడవి ఎక్కడ కాలిందీ తెలుస్తుంది. కాలిన అడవిలో పడవ మోసుకెళ్లే దారి ఉందని పాత మ్యాప్ చెప్పినా, అక్కడ అడ్డంగా పడిన మొద్దులే మిగిలి ఉండొచ్చు.

ఇక గుర్తులు. జోరు నీళ్ల మీద చుక్క పెట్టావు. చుక్క చేరేసరికి నువ్వు అందులోనే ఉంటావు. ఎగువన, పడవ నిమ్మళంగా గట్టుకు చేర్చగలిగే ఆఖరి చోట ఒకటి, దానికి ఇంకో 300 మీటర్ల ముందు హెచ్చరికగా మరొకటి పెట్టు. పేరులోనే ఏ గట్టుకు పోవాలో రాయి. దిగువకు ముఖం పెట్టి నిలబడితే కుడి చేతివైపున్నది కుడి గట్టు, ఈ ఒక్క పద్ధతే నలుగురూ వాడాలి. జీపీఎస్ పరికరంలో "గో టు" నొక్కితే అది కొండల మీదుగా తిన్నటి గీత చూపిస్తుంది. నది మీద నీకు పనికొచ్చేది నువ్వు గీసిన ట్రాకే.

ఎవరైనా అంకెల్లో స్థానం చెబితే, ఆ అంకెలు ఏ పద్ధతిలో ఉన్నాయో అడగకుండా ఎక్కించకు. 45.30 డిగ్రీలంటే 45 డిగ్రీల 18 నిమిషాలు. దాన్ని 45 డిగ్రీల 30 నిమిషాలని ఎక్కిస్తే 12 నిమిషాల తేడా. అక్షాంశంలో ఒక నిమిషం దాదాపు 1,852 మీటర్లు కాబట్టి 22 కిలోమీటర్ల అవతల వెతుకుతావు. డేటమ్ కూడా చూసుకో, అంటే అక్షాంశ రేఖాంశాలను భూమి మీద ఏ కొలమానం ఆధారంగా లెక్కగట్టారో అది. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84. పాత కాగితం మ్యాప్ వేరే డేటమ్‌తో ఉంటే కొన్నిచోట్ల వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. వంద మీటర్లంటే అవతలి గట్టు.

రోజుల లెక్క కూడా మార్చు. నిండు పడవ నిలకడ నీళ్లలో గంటకు నాలుగైదు కిలోమీటర్లు పోతుంది, అదీ ఎదురుగాలి లేనప్పుడు. సామాను రెండు విడతల్లో మోస్తే ఒక కిలోమీటరు దారి మూడు కిలోమీటర్ల నడక, వెళ్లి, వచ్చి, మళ్లీ వెళ్లాలి కదా. నాలుగోరోజు దారిలో ఆ పెద్ద సరస్సును నడిమికి అడ్డంగా దాటించావు. అది తుడిచేసి ఒడ్డు వెంబడి గీయి, దూరం పెరిగినా సరే. గాలి ఎంత పొడవునా అడ్డు లేకుండా వీస్తే అలలు అంత లేస్తాయి. కొలిచే పనిముట్టుతో చూశాను, అక్కడ పడమటి నుంచి 11 కిలోమీటర్లు ఖాళీ నీళ్లే. పొద్దున్నే గాలి లేవకముందు ఆ ఒడ్డు దాటేలా మూడోరాత్రి మజిలీని దగ్గరికి జరుపు. గాలికి ఆగిపోవాల్సి వస్తుందని ఒక రోజు ఖాళీగా వదులు. నది వదిలి రోడ్డెక్కగలిగే చోట్లను వేరే రంగులో పెట్టు. ముఖ్యంగా ఆఖరి చోటు ఏదో నలుగురికీ తెలిసుండాలి, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే అక్కడ నిర్ణయం తీసుకోవాలి.

మ్యాపులు ఫోన్‌లోకి దించుకున్నాక ఇంట్లోనే నెట్‌వర్క్ ఆపేసి, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా జూమ్ చేసి చూడు. ఎక్కడ బూడిద రంగు గడులు వస్తాయో అక్కడ మ్యాప్ దిగలేదన్నమాట. సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది, కానీ అది ఉపగ్రహాల మాట వింటుందే తప్ప నీ మాట ఎవరికీ చేర్చదు. సాయం కోరడానికి శాటిలైట్ మెసెంజర్ వేరుగా ఉండాలి. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది, రాత్రి పరికరాలు పడుకునే సంచిలో పెట్టుకోండి.

కాగితం తప్పనిసరి. 1:50,000 స్కేలులో, కిలోమీటరు గడులతో రెండు ప్రతులు ముద్రించి, పడవకొకటి ఉంచండి. ముద్రించేటప్పుడు "పేజీకి సరిపెట్టు" అన్నది తీసెయ్యి, లేకపోతే స్కేలు చెడుతుంది. గడి పక్కన స్కేలు పెట్టి చూడు, సరిగ్గా 2 సెంటీమీటర్లు రావాలి. దిక్సూచి ఉత్తరానికీ మ్యాప్ ఉత్తరానికీ ఆ ప్రాంతంలో ఎన్ని డిగ్రీల తేడా ఉందో ప్రతి పేజీ మూలా రాసుకో. పరికరాలు రెండూ ఆగిపోయినా ఆ కాగితాలతో ఇంటికి రాగలరా అని నలుగురూ కూర్చుని ఒక సాయంత్రం సాధన చేయండి.

కొత్త ఫైలు జీపీఎక్స్‌గా (జీపీఎస్ దారులూ గుర్తులూ దాచే ఫైలు రకం) నాకు పంపు, మీరు తిరిగొచ్చేదాకా ఒక ప్రతి నా దగ్గర ఉంటుంది. దాంతోపాటు 71వ కిలోమీటరు లోయ గురించి నువ్వేం చూశావో, పడవ ఏ గట్టున దింపుతావో నాలుగు వాక్యాలు రాయి. నేను కూడా విడిగా చూసి పెట్టుకుంటాను. ఇద్దరం ఒకే గట్టు చెప్పామో లేదో ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకుందాం.

ఆశీర్వదిస్తూ,
మామయ్య