కొత్తకోడలి నెల లెక్క

చి.ల.సౌ. బుజ్జికి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

నువ్వు ప్రతి నెలా ఒకటో తారీకున లక్ష్యాలు రాసుకోవడం మొదలుపెట్టావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. మొదటి నెల పేజీ ఫోటో తీసి పంపించింది కూడా. పెళ్లయి ఐదు వారాలు కాలేదు, అప్పుడే ఇంత పట్టుదలా అని మురిసిపోయాను. తర్వాత కళ్లజోడు పెట్టుకుని లెక్కపెట్టాను. పద్నాలుగున్నాయి. అందులో పదకొండు ఇంకొకళ్ల కోసం. మామగారికి పొద్దుటి నడకలో తోడు, అత్తగారి దగ్గర వడియాలు నేర్చుకోవడం, ఆడపడుచు పుట్టినరోజు, అల్లుడుగారి క్యారేజీలో రోజుకో కొత్త కూర. నీకంటూ రాసుకున్నవి మూడే: రెండు కిలోలు తగ్గాలి, కొంత డబ్బు దాచాలి, బ్యాంకు ఉద్యోగులు రాసే జేఏఐఐబీ పరీక్షలో ఏఎఫ్‌ఎం (అకౌంటింగు, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్) పేపరు చదవాలి. ఆ చదువు వరసలో పద్నాలుగోది. అది చూశాక రాత్రి నిద్ర పట్టక ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. నెలకి మూడే రాయి: ఒంటికొకటి, డబ్బుకొకటి, చదువుకొకటి. ఇంటి పనులన్నీ వేరే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించు, అవి ఇంటిల్లిపాదివీ. నెలాఖరు ఆదివారం పావుగంట కూర్చుని ఏది అయిందో ఏది కాలేదో టిక్కు పెట్టు. అల్లుడుగారి లక్ష్యాలు నీ పేజీలో రాయకు, ఆయనకి ఆయన పేజీ ఉంటుంది. ‘తగ్గాలి’, ‘దాచాలి’, ‘చదవాలి’ అని రాస్తే నెలాఖరున దేనికి టిక్కు పెడతావు? ‘వారానికి నాలుగు రోజులు, భోజనం అయ్యాక అరగంట నడక’ అని రాస్తే ఏ రోజు చేశావో ఏ రోజు మానేశావో కాగితమే చెప్తుంది.

ఇక నెలంటే ముప్ఫై రోజులనుకుంటున్నావు. కొత్తకోడలికి అన్ని ఉండవమ్మా. గోడ మీద తిథులున్న కేలండరు దింపి పెన్సిల్ తీసుకో. శ్రావణాన్నే చూడు. మంగళగౌరీ వ్రతం నీకిది మొదటి ఏడాది, నాలుగు మంగళవారాలు కొట్టెయ్. వరలక్ష్మీ వ్రతానికి గురువారం, శుక్రవారం రెండూ కొట్టెయ్, ముందురోజు సాయంత్రం నీ చేతిలో ఉండదు. బంధువులు విందుకి పిలిచే ఆదివారాలు మూడు. ఒంట్లో బాగోని రోజులు మూడు. పన్నెండు పోయాయి, పద్దెనిమిది మిగిలాయి. ఆ పద్దెనిమిదికే ప్లాను వెయ్యి. ముప్ఫైకి వేసి పద్దెనిమిదే చేస్తే, పాపం, నువ్వు పనంతా చేసి కూడా ఓడిపోయినట్టు కనిపిస్తుంది.

ఎనిమిదో తరగతిలో నువ్వు స్కెచ్ పెన్నులతో టైంటేబుల్ వేసి బీరువా తలుపుకి అంటించుకున్నావు, గుర్తుందా? పొద్దున్న నాలుగున్నరకి లేవాలని ఎర్ర రంగులో రాశావు. రంగులు ఎంత ముచ్చటగా వేశావో! మూడో రోజుకి దాని మీద నీ చున్నీ వేలాడుతోంది. పిల్ల సోమరిదని అప్పుడెవరం అనుకోలేదు. ఆ టైంటేబుల్‌లో ఊపిరి తీసుకోవడానికి ఒక్క గడి కూడా ఖాళీ లేదు, అంతే.

ఇప్పుడు నా అసలు భయం. మన బ్యాంకుల్లో ఉద్యోగం చేసే ఆడపిల్లలు పెళ్లయిన ఏడాది చేసే పొరపాటొకటి ఉంది. ‘ఈ నెల కుదరలేదు, వచ్చే నెల రెండింతలు చదివేస్తాను’ అనుకోవడం. వినడానికి ఎంతో బాధ్యతగా ఉంటుంది, అందుకే ఎవరూ వద్దనరు. లెక్క చూడు. ఏఎఫ్‌ఎంలో ఒక మాడ్యూల్‌కి నీకు పన్నెండు గంటలు కావాలి. ఆషాఢంలో మానేశావనుకో. శ్రావణంలో ఇరవై నాలుగు గంటలు కావాలి, నీ చేతిలో ఉన్నవి పద్దెనిమిది రోజులు. మొదటి వారం మూడు రోజులు, రోజుకి రెండు గంటలు కూర్చుంటావు. రెండో వారం చుట్టాలొస్తారు. భాద్రపదానికి బాకీ ముప్ఫై గంటలవుతుంది. అక్కడి నుంచి పుస్తకం కనిపిస్తేనే గుండెలో బరువు. చూడటం మానేస్తావు, బీరువా పైకి ఎక్కించేస్తావు. తొంభై రోజులు వాయిదా కట్టని అప్పుని మనం ఎన్‌పీఏ అంటాం కదా, చదువు కూడా సరిగ్గా మూడో నెలకే అలా అవుతుంది.

వాన లేక పంట పోయిన రైతు కౌంటరు ముందు నిలబడితే వచ్చేసారి రెండింతలు కట్టమంటామా? గడువు మార్చి రీషెడ్యూల్ చేస్తాం. నీకు నువ్వు ఆ మాత్రం మర్యాద చేసుకో. తప్పిన వాయిదాని వచ్చే నెల నెత్తిన పెట్టకు. ప్రతి నెలలో ముందే కొన్ని రోజులు ఖాళీగా వదిలెయ్: పద్దెనిమిదిలో పన్నెండు చదువుకి, ఆరు ఖాళీ. తప్పినవి ఆ ఆరింట్లోకే వెళ్లాలి. ఆ ఆరూ అయిపోతే, ఆ భాగాన్ని ఆశ్వయుజంలో పాత ప్రశ్నలు తిరగేసేటప్పుడు పైపైన చూసుకో. ఇంకో మాట. అసలు కుదరని రోజుకి ఒక చిన్న కొలత పెట్టుకో: పది ప్రశ్నలు, ఇరవై నిమిషాలు. పడుకునే ముందు మంచం మీద కూర్చుని అయినా చెయ్యొచ్చు. పుస్తకంతో పరిచయం తెగకుండా ఉంటే చాలు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, జేఏఐఐబీకి గడువుంది. మూడేళ్లు లేదా అయిదు ప్రయత్నాలు, ఏది ముందైతే అది. నిరుడు నువ్వు నాలుగు పేపర్లలో పీపీబీ (బ్యాంకింగ్ సూత్రాలు), రిటైల్ బ్యాంకింగ్ రెండూ పాసయ్యావు, అందరికీ మైసూర్‌పాక్ పంచావు. మిగిలిన రెండూ నెలనెలా జరుపుకుంటూ పోయి గడువు దాటితే ఆ పాసైనవి కూడా పోతాయి, నాలుగు పేపర్లూ మొదటి నుంచి రాయాలి. ఇంక్రిమెంటు పోవడం ఒక ఎత్తు. అప్పటికి చంకలో పిల్లో పిల్లాడో ఉంటే మళ్లీ మొదలుపెట్టడం ఇంకో ఎత్తు.

అందుకని ఇలా చెయ్యి. ఈ అక్టోబరు, నవంబరు విడతలో ఒక్క ఏఎఫ్‌ఎం మాత్రమే రాయి. ఇండియన్ ఎకానమీ పేపరు వచ్చే మే, జూన్ విడతకి ఉంచు. ఏఎఫ్‌ఎంలో సి మాడ్యూల్, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్, అంతా లెక్కలే. ప్రెజెంట్ వాల్యూ, బాండు ఈల్డు లాంటివి గంట గంట ముక్కలుగా వంటబట్టవు, ఒకే ఊపులో రెండు గంటలు కావాలి. ఆషాఢంలో పుట్టింటికి వెళ్లి పది రోజులుంటావు కదా, అది అక్కడ చెయ్యి. మీ అమ్మ నీ చేత కంచం కూడా కడిగించదు. శ్రావణంలో బి. భాద్రపదం శూన్యమాసం, పెళ్లిళ్లూ పేరంటాలూ ఉండవు, వినాయక చవితి ఒక్కటే పెద్ద పండగ. అందులో ఎ, డి రెండూ పడతాయి. ఎ అంతా జమాఖర్చుల సూత్రాలే కాబట్టి తొమ్మిది గంటల్లో తేలిపోతుంది, డిలో పన్నులు, కాస్టింగు ఉన్నాయి కాబట్టి పన్నెండు పెట్టుకో. ఆశ్వయుజం మొత్తం గడియారం పెట్టుకుని నూరు ప్రశ్నలు, రెండు గంటలు. తప్పు రాస్తే మార్కులు తీసెయ్యరు, ఏ ప్రశ్నా వదలకు. రెండో శనివారం, నాలుగో శనివారం మనకి సెలవే, ఆ పొద్దుటి పూటలు ఎవరికీ మాట ఇవ్వకు.

మీ అత్తగారికి చెప్పకుండా తలుపేసుకుని చదవకు. కొత్తింట్లో మూసిన తలుపుకి పది అర్థాలు తీస్తారు. మంచి టైము చూసి, కూరలు తరుగుతూ చెప్పు: ‘అత్తయ్యగారూ, నవంబరు దాకా రోజూ ఏడు నుంచి ఎనిమిది నాకు చదువుంది, ఎనిమిదికి వచ్చి చపాతీలు నేను చేస్తాను.’ ఎప్పటిదాకానో, ఎంతసేపో, తర్వాత ఏం చేస్తావో మూడూ ఆ ఒక్క మాటలో ఉండాలి. ఆవిడ మంచి మనిషి, పెళ్లిలో చూశాను, నీకు దిష్టి తగలకూడదని నాలుగుసార్లు చీర కొంగు సర్దింది. అడిగితే కాదనదు. అడక్కపోతే ఆవిడకి మాత్రం ఎలా తెలుస్తుంది?

డబ్బు సంగతి. నెలంతా ఖర్చుపెట్టి మిగిలింది దాస్తానంటే ఏమీ మిగలదు. జీతం పడిన రెండో రోజే నీ పీపీఎఫ్ పొదుపు ఖాతాకి మూడు వేలు వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చుకో. ఐదో తారీకు లోపల పడాలి, ఐదో తారీకు నుంచి నెలాఖరు వరకు ఉన్న కనిష్ఠ నిల్వ మీదే వడ్డీ. కౌంటరులో అందరికీ చెప్పే మాటే, మనింట్లో మర్చిపోతాం. ఇంటి ఖర్చుకి ఇద్దరూ కలిపి వేసుకోండి, అది ధర్మం. ఈ మూడు వేలు మాత్రం నీ పేరున కదలకూడదు. ఒక నెల లక్ష్యంగా నగల జాబితా రాయి: వస్తువు, గ్రాములు, ఎవరు పెట్టారో, ఫోటో. స్త్రీధనం ఉమ్మడి ఆస్తి కాదని సుప్రీంకోర్టు 2024లో కూడా చెప్పింది. ఎవరి మీదా అనుమానంతో కాదు తల్లీ, లాకరులో ఏముందో నీకే తెలియకపోతే ఎలా?

అల్లుడుగారికి ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్యనిధి) ఉంది కదా, పెళ్లికి ముందు రాసిన నామినేషన్ పెళ్లితోనే చెల్లకుండా పోతుంది, కొత్తగా నింపమను. నీ పెన్షను ఖాతా ఎన్‌పీఎస్‌దీ మార్చుకో. పెళ్లి రిజిస్ట్రేషన్ ఇంకా కాకపోతే ఈ నెలలోనే చేయించుకోండి. ఇంటిపేరు మార్చుకోవాలో వద్దో నీ ఇష్టం, మార్చుకోవాలని చట్టమేమీ లేదు. మార్చుకునేటట్టయితే పరీక్ష అయ్యాక మార్చుకో. హాల్‌టికెట్ మీద ఒక పేరు, చేతిలో ఆధార్ మీద ఇంకో పేరు ఉంటే గేటు దగ్గర నిలబెడతారు. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితం మొత్తం మీద రెండుసార్లే అవకాశం. పాను, బ్యాంకు ఖాతా, ఎన్‌పీఎస్, పాస్‌పోర్టు అన్నీ ఒకే వరసలో మారాలి.

ఒంటి సంగతిలో కిలోలు వదిలెయ్. మొదటి నెల రక్తపరీక్ష చేయించుకో. హిమోగ్లోబిన్ పన్నెండు కంటే తక్కువుంటే డాక్టరుకి చూపించు. ఐరన్ మాత్ర ఇస్తే కాఫీకి గంట దూరంగా వేసుకో, లేకపోతే ఒంటికి పట్టదు. శ్రావణం వచ్చేసరికి పేరంటానికొచ్చిన ప్రతి ముత్తైదువా ‘ఏమ్మా, విశేషమా?’ అని అడుగుతుంది. నవ్వి వాయనం చేతిలో పెట్టు. అది మీ ఇద్దరూ అనుకోవలసింది, ఎవరి కోసమూ నీ పేజీలోకి ఎక్కించకు. అనుకున్న రోజు మాత్రం ముందుగా డాక్టరునడిగి, కనీసం నెల ముందు నుంచి రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టు.

తిట్టానని అనుకోకు. పదకొండు పనులు వాళ్ల కోసం రాసుకున్నావంటే నీ మనసెంత మంచిదో నాకు తెలుసు. వడియాలు తప్పకుండా నేర్చుకో, ఫ్రిజ్ మీది కాగితంలో రాసుకుని నేర్చుకో. రేపు కొత్త పేజీ రాసి ఫోటో నాకు పంపు. అందులో ఏఎఫ్‌ఎం మొదటి వరసలో ఉండాలి. ఆవకాయ రెండు జాడీలు మీ పెదనాన్నగారు శుక్రవారం బస్సులో తెస్తున్నారు, ఒకటి మీ అత్తగారికని చెప్పి ఇవ్వు. ఏడు నుంచి ఎనిమిది మధ్య నేను ఫోన్ చెయ్యను, మీ అమ్మకి కూడా చెప్పాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ