వలిసెల డబ్బా మూత తీయి

చిట్టితల్లీ,

అరకు సంతలో వలిసెలు కొన్నావట, ఏం చేయాలో తెలియక డబ్బాలో పోసి పక్కన పెట్టావట. అమ్మ చెప్పింది. ముందు ఆ డబ్బా ఫ్రిజ్‌లో పెట్టు. ఆ గింజలో 30 నుంచి 40 శాతం దాకా నూనే. అందులో ఎక్కువ భాగం లినోలిక్ ఆమ్లం అనే ఒక రకం కొవ్వు. అది మన ఒంట్లో తయారు కాదు, తిండిలోంచే రావాలి. అంత మంచిదే అయినా, వేడీ గాలీ తగిలితే తొందరగా పాత నూనె వాసన వచ్చేస్తుంది.

నువ్వు ఫోటోలు దిగావే, ఆ పసుపుపచ్చ పూల గింజలే ఇవి. వెర్రినువ్వులు అని కూడా అంటారు. ఆ పేరు విని చులకన చేయకు. ఎరువులూ నీళ్లూ పెద్దగా అడగకుండా కొండవాలులో పండే పంట. సుమారు 20 శాతం ప్రోటీన్ ఉంటుంది, ఐరన్, కాల్షియం సరేసరి. దీని పుట్టిల్లు ఇథియోపియా. అక్కడ దీన్ని నూగ్ అంటారు, దాని నూనెతో వంటలు చేస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మన నూగులే, అదే నువ్వులే, గుర్తొస్తాయి.

ముందు పొడి చెయ్యి. కప్పు గింజలు చెరిగి, మట్టి పోయేలా కడిగి, ఎండలో బాగా ఆరబెట్టు. మందపాటి మూకుట్లో సన్నసెగ మీద వేయించు. నల్లటి గింజ కాబట్టి రంగు చూసి తెలుసుకోలేవు, చెవి పెట్టాలి. చిటపటలాడి కమ్మటి వాసన రాగానే దించెయ్యి, మాడితే చేదు. ఎనిమిది ఎండుమిర్చి, చెంచా జీలకర్ర విడిగా వేయించు. అన్నీ పూర్తిగా చల్లారాక ఉప్పు, కాస్త చింతపండు వేసి మిక్సీలో ఆపి ఆపి తిప్పు. ఏకధాటిగా తిప్పావంటే నూనె వదిలి ముద్దయిపోతుంది. చివర్లో ఆరు వెల్లుల్లి రెబ్బలు వేసి ఒక్కసారి తిప్పితే చాలు.

జొన్నరొట్టెలోకి దీన్ని మించింది లేదని నా నమ్మకం. కర్ణాటకలో గురెళ్లు చట్నీపొడి అని చేసేది ఇదే. గుత్తివంకాయ కూరలో నువ్వుల బదులు వేసినా బాగుంటుంది. పూటకి చెంచా, రెండు చెంచాలు చాలు. నూనెగింజ కదా, బలం ఎక్కువ. పొడి పదిహేను రోజులకి సరిపడా మాత్రమే చేసుకో.

అమెరికాలో ఉన్న అక్కకి ఒక మాట చెప్పు. అక్కడ ఇవే గింజలను పక్షుల దాణాగా అమ్ముతారు. ఆ ప్యాకెట్లు మనుషులు తినడానికి కావు, కొనొద్దను. ఈసారి ఎవరైనా వెళ్తుంటే నువ్వు చేసిన పొడే ఒక సీసా పంపు.

నీ పెద్దమ్మ