స్ఫటికం వంగుతుందా?

సందేహం: ‘సౌకర్యవంతమైన లైట్ సెన్సింగ్ ఎలక్ట్రానిక్స్ కోసం స్పటికాకార పెరోవ్‌స్కైట్ పదార్థాలు’ అని ఒక సైన్సు వ్యాసానికి శీర్షిక పెట్టారు. స్పటికమా, స్ఫటికమా? ‘స్ఫటికాకార’ సరైనదేనా? ఎలక్ట్రానిక్స్ సౌకర్యవంతంగా ఉండడమేమిటి?

సమాధానం: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, నవ్వొచ్చేది అక్కడే కాబట్టి. మూలంలో ఉన్న మాట ఫ్లెక్సిబుల్ అయ్యుండాలి. ఆఫీసు వేళల విషయంలో దానికి ‘మన వీలును బట్టి’ అనే అర్థం ఉంది. అనువాదం ఆ దారి పట్టి సౌకర్యం దాకా వెళ్లిపోయింది. ఇక్కడి సంగతి వంచినా పాడవని పరికరం. ‘వంగే ఎలక్ట్రానిక్స్’ అంటే చాలు. పాఠ్యపుస్తకాల ‘నమ్యత’ తప్పు కాదు గానీ, వంగడం అనే మాట చేతిలో ఉండగా అంత దూరం పోనక్కర్లేదు. ‘సాగే’ అని మాత్రం రాయకండి. సాగడం రబ్బరు బ్యాండు పని.

ఇక వర్ణక్రమం. స్ఫటికమే ఒప్పు. ఇది స్ఫూర్తి, స్ఫురణ, విస్ఫోటనాల వరసలోది; స్పష్టం, స్పర్శల వరసలోది కాదు. పలకడంలో ఒత్తు జారిపోతుంది కాబట్టి రాతలోనూ జారుతోంది. ఒత్తు బరువనిపిస్తే దీని వికృతి మనకు ఎప్పటినుంచో ఉంది: పటిక. మురికినీళ్లు తేరడానికి బిందెలో తిప్పే పటికా, పటికబెల్లంలోని పటికా ఈ మాటే.

నా అసలు పేచీ ‘ఆకార’తో. పటికబెల్లం ముక్క చేతిలోకి తీసుకుంటే నున్నటి పలకలు, పదునైన అంచులు కనిపిస్తాయి. అది ఆకారం. శాస్త్రవేత్త స్ఫటికం అన్నప్పుడు చూసేది లోపలి అమరికను: పరమాణువులు ఒకే పద్ధతిలో అన్ని దిక్కులా మళ్లీ మళ్లీ పేర్చి ఉండడం. ఈ పరికరాల్లో వెలుతురును కరెంటుగా మార్చే పెరోవ్‌స్కైట్ తరచూ కొన్ని వందల నానోమీటర్ల మందం పొరగా ఉంటుంది. పైకి వార్నిష్ పూసినట్టే. దానికి స్ఫటికపు ఆకారం ఎక్కడిది? ‘స్ఫటిక నిర్మాణం ఉన్న’ అనండి, లేదా ఉత్త ‘స్ఫటిక’ చాలు.

పెరోవ్‌స్కైట్ అన్న పేరు కథ కూడా ఇదే చెబుతుంది. ఉరల్ పర్వతాల్లో దొరికిన ఒక ఖనిజాన్ని 1839లో జర్మన్ శాస్త్రవేత్త గుస్టావ్ రోజ్ గుర్తించి, రష్యన్ ఖనిజవేత్త లెవ్ పెరోవ్‌స్కీ పేరు పెట్టాడు. రసాయనికంగా అది కాల్షియం టైటనేట్. ఇప్పుడు వెలుతురును కరెంటుగా మార్చడానికి ఎక్కువగా వాడుతున్న పెరోవ్‌స్కైట్లు ఆ ఖనిజం కాదు. సీసం, అయోడిన్ వంటివి కలిపి ప్రయోగశాలలో చేసినవి. సరుకు మారింది, అమరిక మిగిలింది, పేరు అమరికకే అంటుకుంది. అనువదించే పని పెట్టుకోకండి. కడప వైపు మంగంపేట గనుల్లో దొరికే ఖనిజం బెరైటీస్‌ను ముగ్గురాయి అన్నారంటే, ఆ రాయితో మనవాళ్లకు పని పడింది కాబట్టి. పెరోవ్‌స్కైట్‌తో ఇంకా అలా పడలేదు.

‘స్ఫటికం వంగుతుందా?’ అని మీరు అడగలేదు గానీ, అడగాల్సిన ప్రశ్నే. పటికబెల్లం వంగదు, పుటుక్కున విరుగుతుంది. పెరోవ్‌స్కైట్ కూడా పెళుసే. పలచటి పొర కాబట్టి ప్లాస్టిక్ రేకుతో పాటు వంగుతుంది. వంపు మరీ ఎక్కువైతే చిట్లుతుంది. ద్రావణంగా పూసి సుమారు 100 డిగ్రీల దగ్గర ఆరబెట్టవచ్చు కాబట్టి కింది ప్లాస్టిక్ పాడవదు. మామూలు ఎలక్ట్రానిక్స్‌లో వాడే సిలికాన్‌ను కరిగించి స్ఫటికం చేయాలంటే 1,414 డిగ్రీలు దాటాలి.

సెన్సింగ్‌కు ‘పసిగట్టడం’ ఉంది. పసి అంటే వాసన. జంతువు వాసన పట్టడం నుంచి వచ్చిన మాట వెలుతురుకూ సరిపోతుంది. పరికరాన్ని ‘సెన్సర్’ అనే రాయండి. ‘సెన్సార్’ అంటే సినిమా కత్తెర గుర్తొస్తుంది. మొత్తం శీర్షికను నేనైతే ఇలా రాస్తాను: ‘వెలుతురును పసిగట్టే వంగే ఎలక్ట్రానిక్స్‌కు పెరోవ్‌స్కైట్ స్ఫటికాలు’.