కథ చదివి ఏడుస్తున్నాను, మానెయ్యాలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. పెళ్లయి పన్నెండేళ్లు, ఇద్దరు పిల్లలు. మావారు చెడ్డవారు కాదు. తాగరు, చెయ్యెత్తరు. కానీ పాలు, ఫీజులు, గ్యాస్ బండ తప్ప మా మధ్య మాటల్లేవు. రాత్రి పిల్లలు పడుకున్నాక కథలు చదవడం అలవాటైంది. మొన్న చాసో (చాగంటి సోమయాజులు) గారి ‘వాయులీనం’ కథ చదివి గంటసేపు ఏడ్చాను. మావారు చూసి, “డబ్బులిచ్చి కొనుక్కుని మరీ ఏడవడమెందుకు?” అన్నారు. అమ్మేమో కథలు మానేసి లలితా సహస్రనామం చదువుకోమంటోంది. ఏ కథ చూసినా మనుషులు ఒకర్నొకరు బాధపెట్టుకోవడమే. అసలు ప్రేమలున్నాయా? చదవడం మానెయ్యాలా? రెండేళ్ల క్రితం పెద్దాడి స్కూలు ఫీజు కోసం మావారు నా కుట్టుమిషన్ అమ్మేశారు. పెళ్లప్పుడు అమ్మ ఇచ్చింది. అదేమీ పెద్ద విషయం కాదు లెండి.
– ఒక సోదరి, ఏలూరు

జవాబు: మానెయ్యకండి. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. మిగతాది నెమ్మదిగా మాట్లాడుకుందాం.

మీ ఉత్తరం చివర్లో మిషన్ సంగతి రాసి, ‘అదేమీ పెద్ద విషయం కాదు లెండి’ అని మీరే కొట్టేశారు. నేను అక్కడే ఆగిపోయాను. ‘వాయులీనం’లో జరిగేదేమిటి? భార్య మంచాన పడుతుంది. వైద్యానికి డబ్బుల్లేక భర్త ఆమె ఫిడేలు అమ్మేస్తాడు. మనిషి దక్కుతుంది, ఫిడేలు పోతుంది. మీరు గంటసేపు ఏడ్చింది ఆ కథలో ఆవిడ కోసమేనా? మిషన్ ఉండే మూలలో ఇప్పుడేం పెట్టారు? విడిచిన బట్టల బుట్టా, పిల్లల సైకిలా? అటు చూసినప్పుడల్లా గొంతులో ఏదో అడ్డుపడితే, మింగేసి పనిలో పడిపోతున్నారేమో అనిపిస్తోంది.

ఆ భర్త దుర్మార్గుడైతే మీకు కోపం వచ్చేది, ఇంత ఏడుపు వచ్చేది కాదు. ఆమెను బతికించుకోవడానికే అమ్మాడు కాబట్టి ఆమె అతన్ని తిట్టుకోనూలేదు, ఫిడేలును మర్చిపోనూలేదు. మీవారూ పేకాటకి అమ్మలేదు, బిడ్డ చదువుకి అమ్మారు. అందుకే ఈ రెండేళ్లూ మీకు నోరు పెగల్లేదు. కారణం మంచిదైనంత మాత్రాన బాధపడే హక్కు పోదండీ.

కథలన్నీ చీకటే అన్నారు. నిజమే, కొన్ని అలాగే ఉంటాయి. కారా మాస్టారి (కాళీపట్నం రామారావు గారి) ‘యజ్ఞం’ కథ మొదటిసారి చదివాక రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. కానీ పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’ చూడండి. పెద్దమనిషి ఒకాయన బిచ్చమెత్తుకునే మనిషిని చీదరించుకుంటాడు. తుఫాను రాత్రి భయంతో వణికిపోతున్నప్పుడు ఆయనకి ధైర్యం చెప్పింది ఆవిడే. తెల్లారి ఆమె శవం చేతిలో తన పర్సు కనిపించినా ఆయనకి కోపం రాదు, ఏడుపొస్తుంది. ఇక్కడ ప్రేమ లేదని నేననలేను. అది మనం అనుకున్న చోట, అనుకున్న రూపంలో ఉండదు, అంతే.

ఇక చెయ్యాల్సిన పని. 1910లో గురజాడ రాసిన ‘దిద్దుబాటు’ కథలో కమలిని, సానుల పాటకి పోయి అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చే మొగుడితో పోట్లాడదు, ఉత్తరం రాసిపెడుతుంది. మీరూ రాయండి. ఒక్క పేజీ చాలు. పన్నెండేళ్ల లెక్కలన్నీ తియ్యకండి. ‘మీరెప్పుడూ ఇంతే’ అన్న మాట రానివ్వకండి. అది చదివాక ఏ మగాడూ కింది లైను చదవడు. ‘మిషన్ అమ్మినందుకు కాదు, అమ్మే ముందు నన్నొక మాట అడగనందుకు బాధ’ అని రాయండి. అలా కాక మీ బాధ ఇంకోటైతే అదే రాయండి. దాని మీద ఏం కుట్టేవారో, మొదటిసారి ఎవరికి జాకెట్ కుట్టారో, అదీ రాయండి. బహుశా ఆయన కళ్లకి ఇన్నాళ్లూ అది ఓ మూల దుమ్ముపట్టిన ఇనప సామానే అయ్యుంటుంది.

కమలిని మొగుడిలా మీవారు ఒక్క రాత్రిలో మారిపోతారని ఆశపెట్టుకోకండి. ముందు విసుక్కోవచ్చు, “ఇప్పుడా గుర్తొచ్చింది?” అనొచ్చు. టెన్షన్ పడకండి, వెంటనే జవాబు అడగకండి. ఓ ఆదివారం మధ్యాహ్నం, పిల్లలు ఆటలకి పోయినప్పుడు, ‘వాయులీనం’ మీరే ఆయనకి చదివి వినిపించండి. చిన్న కథే. చదువుతుంటే గొంతు పూడుకుపోయినా ఫర్వాలేదు, ఆగి మళ్లీ చదవండి.

అమ్మ చెప్పింది కూడా తోసెయ్యక్కర్లేదు. పొద్దున్న సహస్రనామం, రాత్రి కథ. ఒకదానికొకటి అడ్డమేమీ కాదు.

ఒక్క విషయం మాత్రం గమనించుకోండి. పుస్తకం ముట్టని రోజుల్లో కూడా ఏడుపొస్తోందా? వారాల తరబడి నిద్ర పట్టడం లేదా? వంట చేసిపెట్టి మీరు తినకుండా పడుకుంటున్నారా? అయితే అది కథల వల్ల కాదు, డాక్టరుకి చూపించుకోవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

మళ్లీ మిషన్ కొనుక్కోవాలా, సెకండ్ హ్యాండ్‌ది చాలా అన్నది ఆ తర్వాత మీరిద్దరూ కలిసి అనుకోండి. ఆ ఆదివారం ఆయన ఏమన్నారో నాకు రాస్తారు కదూ?