అక్షరాలన్నీ వచ్చు, మాట మాత్రం చదవలేడు: ఏం చేయాలి?

మూడో తరగతి బాబు గుణింతాలు గడగడా అప్పజెబుతాడు, వాక్యం ముందు పెడితే మాత్రం కూడబలుక్కుంటూ చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతాడు, ఇంకా ఎక్కువసేపు చదివించాలా అని అడిగారు. సేపు పెంచకండి. ఎక్కడ ఆగుతున్నాడో పట్టుకోండి.

మాట నేర్వడానికి మెదడు పుట్టుకతోనే సిద్ధం. రాత వచ్చి అయిదువేల ఏళ్లు దాటిందంతే, దానికంటూ మెదడులో ఓ భాగం ఏర్పడే వ్యవధి లేదు. అందుకని వస్తువుల్ని, ముఖాల్ని గుర్తుపట్టే చోట, ఎడమవైపు వెనక అడుగున, కొంత జాగా అక్షరాలకు మళ్లించి, దాన్ని ధ్వనుల పని చూసే భాగాలతో కలుపుకోవాలి. 1892లో దెజెరిన్ అనే వైద్యుడు వివరించిన రోగికి స్ట్రోక్ వల్ల ఆ లంకె తెగింది: మాట్లాడగలడు, రాయగలడు, తను రాసిందే చదవలేడు. చాలామంది పిల్లల్లో ఆ లంకె ఇంకా గట్టిపడలేదు, అంతే.

అప్పజెప్పడంలో తెలిసేది వరస మాత్రమే. కొ, మీ, తు, డై అంటూ కలగాపులగంగా చూపించి అడగండి. తర్వాత వత్తులు. అసలు చిక్కు ఇక్కడే. ‘శక్తి’లో గుడి క మీద ఉంది, పలికేది త తర్వాత. ‘శకిత’ అన్నాడంటే అశ్రద్ధ కాదు, కనబడిన వరసలోనే చదివాడు పాపం! క్, త్, ఇ అని విడగొట్టి, కలిపి చూపించండి. త, న, మ, య, ర వత్తులకు అసలు అక్షరం పోలిక లేదు కాబట్టి ఒకసారి రెండే నేర్పండి.

రోజుకి పదిహేను నిమిషాలు చాలు. మొదటి మూడు నిమిషాలు పుస్తకం లేకుండా: ‘పలక’లో ప తీసి న పెడితే? నలక. తర్వాత తడబడే అక్షరం ఉన్న అయిదు మాటలు పలుకుతూ రాయించండి. చివర అవే మాటలున్న నాలుగు వాక్యాలు మూడుసార్లు పైకి చదివించండి. తప్పితే రెండు మూడు క్షణాలు ఆగండి. తనే దిద్దుకోకపోతే అక్షరం విడగొట్టి చూపి, వాక్యం మొదటినుంచీ చదివించండి. బొమ్మ చూసి ఊహించమనొద్దు, ఊహ కుదిరితే అక్షరం వైపు చూడటం మానేస్తాడు. కథలు మీరు చదివి వినిపించడం మాత్రం ఆపకండి, కొత్త మాటలు ముందు చెవినే పడాలి.

చూపు, వినికిడి ముందే పరీక్ష చేయించండి. కొన్ని నెలలు ఇలా చేసినా కదలిక లేకపోతే, ముఖ్యంగా ఇంట్లో ఇంకెవరికైనా చిన్నప్పుడు ఇదే ఇబ్బంది ఉంటే, డిస్లెక్సియా (తెలివి మామూలుగానే ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది) పరీక్షకు తీసుకెళ్లండి. చదువు బాగుపడుతుందని చెప్పే రంగు కళ్లద్దాలకు, కంటి వ్యాయామాలకు డబ్బు తగలేయకండి.