సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్‌లో మనలాంటి మామూలువాళ్లు ఆడొచ్చా?

ఆడొచ్చండి. స్కాట్లాండ్‌లోని ఈ గోల్ఫ్ కోర్స్‌ను చాలామంది ప్రైవేట్ క్లబ్ అనుకుంటారు గానీ ఇది పబ్లిక్ కోర్స్. నెలల ముందు బుకింగ్ దొరక్కపోతే బ్యాలెట్ ఉంది, ఇద్దరి నుంచి నలుగురి దాకా కలిసి ఆడే రోజుకి రెండు రోజుల ముందు పేర్లు ఇస్తే లాటరీ తీస్తారు. హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ (మీ ఆట స్థాయి ఎంతో చూపే కాగితం) మాత్రం మర్చిపోకండి.

గోల్ఫ్‌కి 18 హోల్స్ లెక్క ఇక్కడే మొదలైంది, 1764లో 22ని 18కి తగ్గించారు. ఏడు గ్రీన్లు (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) రెండేసి హోల్స్‌కి ఉమ్మడి, ఆ రెండు నంబర్లు కలిపితే ఎప్పుడూ 18 వస్తుంది, నాకు భలే ఇష్టం ఈ లెక్క! బంకర్లు, అంటే ఇసుక గుంటలు, వందకు పైనే, చాలావాటిని మొదటి షాట్ కొట్టే చోటు నుంచి చూస్తే కనపడవు, అందుకే కాడీని (బ్యాగు మోస్తూ దారి చెప్పే మనిషిని) పెట్టుకోండి, ఆ డబ్బు దండగ కాదు. 17వ హోల్‌లో మొదటి షాటే హోటల్ ఆవరణలోని షెడ్ల మీదుగా కొట్టాలి, గ్రీన్ వెనక రోడ్డు, దాని వెనక రాతి గోడ, బంతి అక్కడికి పోయిందంటే అంతే సంగతులు.

లాటరీ తగలకపోయినా బాధపడొద్దు, ఆదివారం మామూలుగా ఆట ఉండదు, ఊరివాళ్లు కుక్కల్ని తీసుకుని అందులోనే నడుస్తుంటారు, మీరూ వెళ్లి 18వ హోల్‌లో ఆ చిన్న స్విల్కన్ రాతి వంతెన మీద నిలబడొచ్చు, పైసా ఖర్చు లేదు.