కొనడానికి చూస్తుండగా జేసీబీ పాడైతే మరమ్మతు ఎవరి మీద పడుతుంది?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. పాత జేసీబీ కొనాలని 50 వేలు బయానా ఇచ్చారు. మీ ఆపరేటరే ఎక్కి వెనక బకెట్ ఆడించి చూస్తుండగా హోస్ పైపు పగిలి ఆయిల్ అంతా నేలపాలైంది. ఇప్పుడు యజమాని హైడ్రాలిక్ పంపు (బకెట్‌ను ఆడించే ఆయిల్‌ను ఒత్తిడితో హోస్‌లలోకి తోసేది) కూడా పోయిందంటూ 85 వేలు అడుగుతున్నారు, బయానా తిరిగి ఇవ్వడం లేదు.

హోస్‌కు మీరు రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదని నా అభిప్రాయం. పంపు సంగతి వేరు. హోస్ పగిలాక ఇంజిన్ ఎంతసేపు నడిచిందో మీ ఆపరేటర్‌ను విడిగా కూర్చోబెట్టి అడగండి, తిట్టకుండా అడగండి. వెంటనే ఆపి ఉంటే, పంపు అప్పటికే అరిగిపోయి ఉండాలి. ఆయిల్ చిమ్ముతున్నా బూమ్ (వెనక బకెట్‌ను మోసే పొడవాటి చేయి) కిందికి దించుదామనో, బండిని పక్కకు పెడదామనో ఇంజిన్ అలాగే నడిపి ఉంటే మాత్రం, ఆయిల్ లేని పంపు గాలి పీల్చుకుంటూ తిరిగి లోపల గీసుకుపోతుంది. అప్పుడు యజమాని అడిగేదాంట్లో కొంత న్యాయం ఉంది.

ఇదే చిక్కులో నేనూ ఒకసారి పడ్డాను. 2016లో, మిషన్ కాకతీయ కింద చెరువుల పూడికతీత సాగుతున్న రోజుల్లో, రెండో బండి కోసం సూర్యాపేట దగ్గర ఒక పెద్దాయన షెడ్డుకు వెళ్లాను. గంటలోపే రెండు నష్టాలు. ముందు రోజు వాన పడి నేల మెత్తగా ఉంది. మా ఆపరేటర్ బండి వెనక కాళ్లు సరిగా ఊనకుండానే బూమ్ పక్కకు తిప్పాడు. బండి ఒరిగింది, బకెట్ వెళ్లి షెడ్డు గోడకు తగిలింది. నాలుగు ఇటుకలు రాలాయి, బకెట్ పన్ను ఒకటి విరిగింది. ఆ తర్వాత బూమ్ ఎత్తుతుంటే హోస్ పగిలింది. పెద్దాయన రెండింటికీ కలిపి ఒకే లెక్క చెప్పారు. "మీవాడు ఎక్కకముందు బాగానే ఉంది కదా బాబూ" అన్నారు.

ఆ మాటకు అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు. పగిలిన ముక్క పట్టుకుని హోస్‌లు చేసి ఇచ్చే దుకాణానికి వెళ్లాను. అక్కడి కుర్రవాడు దాన్ని వంచి చూపించాడు. పై రబ్బరంతా బీటలు, లోపలి ఉక్కు తీగల అల్లిక తుప్పుపట్టి పొడి రాలుతోంది. మీద అచ్చు వేసిన సంవత్సరం 2008. "ఈ రోజు కాకపోతే రేపు పోయేదే అన్నా" అన్నాడు. ఆ పైపుల్లో ఒత్తిడి 200 బార్‌లు దాటుతుంది. కారు టైరులో ఉండేది రెండుకు కాస్త పైన. (ఆయిల్ ఎక్కడ కారుతోందో చేత్తో తడిమి వెతకకండి. సన్నని చిల్లులోంచి వచ్చే ధార చర్మంలోకి దూసుకుపోతుంది.) ఆ ముక్కను పెద్దాయన చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. చివరికి గోడ, బకెట్ పన్ను నా ఖర్చు, హోస్, ఆయిల్ ఆయన ఖర్చు అనుకున్నాం. నాకు ఆరున్నర వేలు అయింది. బండి మాత్రం కొనలేదు.

చట్టం కూడా దాదాపు ఇదే అంటుంది. 1872 కాంట్రాక్టు చట్టంలోని 151, 152 సెక్షన్ల ప్రకారం, ఒకరు తమ వస్తువును మన చేతికి అప్పగించినప్పుడు, మామూలు వివేకం ఉన్న మనిషి సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా దాన్ని చూసుకోవాలి. అంత జాగ్రత్త తీసుకున్నా పాడైతే, ప్రత్యేక ఒప్పందం ఏదీ లేనప్పుడు బాధ్యత మనది కాదు. జాగ్రత్త తీసుకున్నామని చూపించవలసింది మాత్రం మనమే. వస్తువులో లోపం తెలిసీ చెప్పకపోతే, దానివల్ల మనకు కలిగే నష్టానికి అప్పగించినవారే బాధ్యులని 150వ సెక్షన్ చెబుతుంది. ఇక 1930 వస్తువుల అమ్మకపు చట్టం 26వ సెక్షన్ ప్రకారం, వేరే మాట అనుకోకపోతే, యాజమాన్యం చేతులు మారేవరకు వస్తువుకు వచ్చే నష్టం అమ్మేవారిదే. అందుకే మీ బయానా కాగితం మళ్లీ చదవండి. "బండి చూసుకున్నాను, నచ్చింది, కొన్నాను" అన్నట్లు ఏదైనా సంతకం పెట్టి ఉంటే మీ వాదన బలహీనపడుతుంది. బేరం మానుకుంటే బయానా పోతుందా లేదా అన్నది వేరే లెక్క, దాన్ని మరమ్మతు లెక్కలో కలపనివ్వకండి.

ఆ తర్వాత నుంచి నేను బండి చూడటానికి వెళితే మొదటి పావుగంట యజమాని మనిషే నడపాలని అడుగుతాను. ఈలోగా హోస్‌లన్నీ ఒక్కొక్కటిగా చూసి ఫొటోలు తీసి, బీటలు ఉన్నవాటిని యజమాని ఫోనుకు పంపుతాను. "వీటిలో ఏది పగిలినా మాకు సంబంధం లేదు, మావాడు దేనికైనా గుద్దితే మేమే కడతాం" అని కింద ఒక వాక్యం రాస్తాను. మా ఆపరేటర్‌కు ఇదంతా చాదస్తం. ఒకరిద్దరు యజమానులు చిన్నబుచ్చుకుని బండి చూపించలేదు కూడా.

మీ విషయంలో ఇప్పుడు పంపు విప్పడమే ముఖ్యం. అది మీ మెకానిక్ ఎదుట జరగాలి. ఇప్పటికే విప్పేసి ఉంటే లోపలి పాత భాగాలు, ఆ హోస్ ముక్క చూపించమని అడగండి. హోస్ మీద సంవత్సరం ఎంత ఉందో ఇక్కడ రాస్తే మళ్లీ చూస్తాను.